మొక్కు చెల్లించడానికి వచ్చిన గుమాస్తా: కొత్తవారికి రక్షణ సువార్తను వివరించడంపై ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని వ్యక్తి గుంటూరు మిర్చి యార్డులోని ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. వయసు నలభై దాటింది, చదువు పదో తరగతి, లెక్కల్లో గట్టి మనిషి. అతని అనుమతితోనే ఇది రాస్తున్నాను. కుటుంబం ఆనవాలు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను గాని మాటల సారాన్ని మార్చలేదు. నేను ముంపు పద్ధతిలో బాప్తిస్మమిచ్చే ఒక చిన్న సంఘానికి కాపరిని. కొత్తగా వచ్చేవారికి సువార్త వివరించే బాధ్యత మా సంఘంలో ఎక్కువగా నాదే కాబట్టి, ఇదే పనిలో ఉన్న తోటి సేవకులకూ, సంఘ పెద్దలకూ, ఆదివారపు బడి ఉపాధ్యాయులకూ పనికొస్తుందనే ఉద్దేశంతో జరిగినది జరిగినట్టు ఇక్కడ పెడుతున్నాను.

రాక

వానాకాలం చివర అతని కూతురికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని ఆసుపత్రిలో పెట్టుకున్న రోజుల్లో, పక్క వాటాలో ఉండే మా సంఘ సభ్యురాలు అతని భార్యను శుక్రవారపు ఉపవాస ప్రార్థనకు తీసుకొచ్చింది. అందరం ప్రార్థన చేశాము. వైద్యులు చేయవలసినది చేశారు. పిల్ల కోలుకొని ఇంటికి వచ్చింది. ఆ తరువాతి వారం అతను స్వయంగా వచ్చి, కూటం ముగిసిన తరువాత అందరూ వెళ్ళిపోయేవరకు చెప్పుల దగ్గర నిలబడి, నా చేతిలో ఒక కవరు పెట్టాడు. అందులో అతని నెల జీతం ఉంది. "పాప లేచి తిరిగితే ఒక నెల జీతం ఇస్తానని మొక్కుకున్నానండీ పాస్టరు గారూ. అలాగే వరసగా కొన్ని శుక్రవారాలు వస్తానని కూడా అనుకున్నాను. బాకీ ఉంచుకోకూడదు కదా" అన్నాడు.

ఇలాంటి రాక మన ప్రాంతంలో కొత్తేమీ కాదు. ఫిబ్రవరిలో గుణదల కొండకు వెళ్ళి మేరీమాతకు మొక్కులు తీర్చుకునే వారిలో అన్ని మతాలవారూ ఉంటారు. అక్కడ తలనీలాలు ఇచ్చేవారు కూడా ఉన్నారు. పిల్లల జబ్బులు, పెళ్ళి సంబంధాలు, అప్పులు, తాగుడు మానని భర్తలు — సంఘానికి వచ్చే కొత్తవారిలో చాలామందిని ఇలాంటి అవసరమే గుమ్మం దాటిస్తుంది. అవసరం మీద వచ్చినవారిని చిన్నచూపు చూడడం నాకు నచ్చదు, సువార్తల్లో యేసు దగ్గరకు వచ్చినవారిలో ఎక్కువమంది అలా వచ్చినవారే. అయితే వచ్చిన కారణమే వారి విశ్వాసంగా స్థిరపడిపోతే, మనం వారికి సువార్త చెప్పినట్టు కాదు. వారి పాత లెక్కలో దేవుడి పేరు ఒకటి కొత్తగా చేర్చినట్టవుతుంది, అంతే.

ఆ రోజు నేను కవరు తీసుకోలేదు. వద్దని తోసిపుచ్చితే అతను అవమానంగా భావించేవాడు కాబట్టి, "ఇది మీ దగ్గరే ఉంచండి, మీరు మొక్కుకున్న దేవుడు ఎలాంటివాడో కొన్నాళ్ళు కలిసి చదువుదాం, ఆ తరువాత ఇవ్వాలో వద్దో మీరే నిర్ణయించుకోండి" అని చెప్పాను. మా సంఘ పెద్దల్లో ఒకరికి ఇది నచ్చలేదు. ఆదివారం ఆరాధనలో అతని చేత సాక్ష్యం చెప్పిద్దామని కూడా కొందరు తొందరపడ్డారు. దానికీ నేను ఒప్పుకోలేదు. అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయంలో లుస్త్ర పట్టణపు సంగతి వారికి గుర్తు చేశాను. పుట్టుకతో నడవలేని మనిషి అపొస్తలుడైన పౌలు మాటతో లేచి నడిచినప్పుడు ఆ ఊరివారు అతని తోటి సేవకుడైన బర్నబాను ద్యుపతి అనీ పౌలును హెర్మే అనీ తమ గ్రీకు దేవతల పేర్లతో పిలిచి, ఎడ్లను, పూదండలను తెచ్చి బలి అర్పించబోయారు. స్వస్థత జరిగింది, జనానికి తమకు తెలిసిన పద్ధతిలోనే అది అర్థమైంది. అపొస్తలులు బట్టలు చించుకొని ఆపవలసి వచ్చింది. మైకు ముందు నిలబెట్టి చెప్పించే సాక్ష్యాల్లో ఎన్ని ఈ లుస్త్ర స్థితిలోనే ఉండిపోతున్నాయో మనం ఆలోచించుకోవాలి.

అతని ఆలోచనలో అప్పటికే ఉన్నవి

చెప్పడం మొదలుపెట్టే ముందు వినడానికి సమయం తీసుకున్నాను. యార్డులో సరుకు రాక ఎక్కువగా ఉండే నెలల్లో గుమాస్తాకు తీరిక దొరకదు, రాత్రి కాటాల లెక్క తేలి పట్టీలు రాయడం అయ్యేసరికి బాగా పొద్దుపోతుంది. అందువల్ల దసరా నుంచి సంక్రాంతి లోపల కొంత, వేసవిలో యార్డుకు సెలవులిచ్చినప్పుడు ఎక్కువగా కూర్చున్నాము. వాళ్ళింటి అరుగు మీద, అతని భార్య కూడా ఉండగా, చాలావరకు అతనే మాట్లాడేవాడు.

అతని నమ్మకాలు నాకు ఇలా అర్థమయ్యాయి. దేవుడున్నాడు, ఆయనకు పేర్లు అనేకం, యేసు వారిలో పిల్లల జబ్బుల విషయంలో త్వరగా పలికే దేవుడు. పాపం అంటే ఒకరిని మోసం చేయడం, కొట్టడం, దొంగతనం. పుణ్యం దానికి విరుగుడు. చేసిన పాపానికి తగినంత పుణ్యం జమ చేసుకుంటే ఖాతా సరిపోతుంది. కష్టం వచ్చిందంటే ఎక్కడో తెలియని బాకీ ఒకటి ఉందని అర్థం. యేసు సిలువ మీద చనిపోయాడని అతనికి తెలుసు, గుడ్ ఫ్రైడే సెలవు కాబట్టి. ఎందుకు చనిపోయాడని అడిగితే, "మంచివాళ్ళను లోకం బతకనివ్వదు కదండీ" అన్నాడు.

ఈ జవాబును తేలికగా తీసుకోకూడదు. అది సగం నిజం. కాని ఈ స్థితిలో ఉన్న మనిషికి, మన చేతుల్లో తరచుగా ఉండే నాలుగు మెట్ల కరపత్రాన్ని — దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడు, నువ్వు పాపివి, క్రీస్తు నీకోసం చనిపోయాడు, ఇప్పుడు ఈ ప్రార్థన చెప్పు — చదివి వినిపిస్తే, అతను నాలుగింటికీ తల ఊపుతాడు. నాలుగింటిని తన పాత లెక్కలోనే వేసుకుంటాడు. దేవుడు ప్రేమించాడు గనుక పాపను బాగు చేశాడు. నేను పాపిని గనుక జబ్బు వచ్చింది. క్రీస్తు చనిపోయాడు గనుక ఆయన పేరుకు శక్తి ఉంది. ప్రార్థన చెబితే ఇంటికి మంచిది. ఒక్క మాటా తప్పుగా వినలేదు, అయినా సువార్త ఒక్క ముక్కా చేరలేదు.

పౌలు కూడా అందరికీ ఒకే చోట మొదలుపెట్టలేదు. పిసిదియలోని అంతియొకయలో యూదుల సమాజమందిరంలో మాట్లాడినప్పుడు ఐగుప్తు నుంచి విడుదల, దావీదు సంతానం, ప్రవక్తల మాటలు అంటూ వారికి తెలిసిన చరిత్రలో నుంచి యేసు దగ్గరకు వచ్చాడు. ఏథెన్సులో అదే మనిషి సృష్టికర్త దగ్గర మొదలుపెట్టి, ఆయన చేతులతో కట్టిన గుడులలో నివసించడనీ, తనకేదో కొరత ఉన్నట్టు మనుషుల చేత సేవ చేయించుకోడనీ, అందరికీ ఊపిరినీ సమస్తాన్నీ ఇచ్చేది తానేననీ చెప్పాడు. మన ఊళ్ళలో కొత్తవారికి మనం చేసే ప్రసంగాలు ఎక్కువగా అంతియొకయ పద్ధతిలో ఉంటాయి. వినేవారు మాత్రం ఏథెన్సువారు.

మొదలుపెట్టిన చోటు

అందుకే పాపం దగ్గర మొదలుపెట్టకుండా ఆదికాండము మొదటి అధ్యాయాలతో మొదలుపెట్టాను. అక్కడ నేను నొక్కి చెప్పినది ఒక్కటే: ఈ దేవుడికి మన దగ్గర నుంచి తీసుకోవలసిన అవసరం ఏదీ లేదు. మనిషిని పని కోసమో, నైవేద్యం కోసమో కాక తన పోలికలో, తనతో ఉండడానికి చేశాడు. అది విన్నప్పుడు అతను కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "ఏమీ అక్కర్లేని షావుకారుతో బేరం ఎలా కుదురుతుందండీ?" అని అడిగాడు. ఈ ప్రశ్న వచ్చినప్పుడు నాకు ధైర్యం వచ్చింది. అతను వింటున్నాడు.

ఆ తరువాత లూకా సువార్తను ఎంచుకున్నాను. యోహాను సువార్తతో మొదలుపెట్టడం మన దగ్గర అలవాటు, దాన్ని తప్పనను. కాని లెక్కలు రాసే మనిషికి లూకా సరిపోతాడని నా అభిప్రాయం. అప్పులున్న ఇద్దరి కథ, తప్పిపోయిన కుమారుడి కథ, పరిసయ్యుడూ సుంకరీ (పన్ను వసూలు చేసేవాడు) చేసిన ప్రార్థనలు, సుంకరి అయిన జక్కయ్య ఇల్లు, పక్క సిలువ మీది నేరస్థుడు — ఇవన్నీ ఆ ఒక్క పుస్తకంలోనే ఉన్నాయి. యేసు ఎవరో, ఎలా నడిచాడో, ఎవరితో భోంచేశాడో తెలియకుండా ఆయన మరణానికి అర్థం చెప్పడం, పరిచయం లేని మనిషి వీలునామా చదివినట్టు ఉంటుంది.

పాపం గురించిన సంభాషణ అనుకున్న చోట రాలేదు. పదిహేనవ అధ్యాయం చదువుతూ, ఆస్తి పంచుకుని దూరదేశానికి పోయిన చిన్న కొడుకు గురించి నేను మాట్లాడబోతుంటే అతను అడ్డుపడి, "నేను ఇలాంటివాణ్ణి కాదండీ. ఇరవై ఏళ్ళ నుంచి కొట్లో ఉన్నాను. రైతుది గాని షావుకారుది గాని ఒక్క రూపాయి తినలేదు. టిక్కీకి (మిర్చి బస్తాకు) ఎంత తూకం తరుగు పెట్టాలో నాకు తెలుసు, ఎంత పెట్టి మిగుల్చుకోవచ్చో కూడా తెలుసు, అయినా ముట్టుకోలేదు" అన్నాడు. అది నిజమని నాకు వేరేవారి ద్వారా కూడా తెలుసు. అలాంటి మనిషిని బలవంతంగా చిన్న కొడుకును చేయాలని చూడడం అన్యాయం. దాంతో ముందుకు చదవమన్నాను. పొలం నుంచి వచ్చి లోపలికి రానని బయటే నిలబడిపోయిన పెద్ద కొడుకు మాటలు అతనే చదివాడు: ఇన్నేళ్ళుగా నీకు సేవ చేస్తున్నాను, నీ ఆజ్ఞ ఎప్పుడూ మీరలేదు, నాకు ఒక మేకపిల్లనైనా ఇవ్వలేదు అని ఆ కొడుకు తండ్రితో అంటాడు. చదవడం అయ్యాక అతని భార్య, "మీ అన్నయ్యతో మీరు ఇలాగే కదా మాట్లాడింది, పంపకాల రోజున" అంది.

అప్పుడు బయటపడింది. ఉమ్మడి ఇల్లు పంచుకున్నప్పుడు అన్నదమ్ముల మధ్య మాట పోయింది. వాటా తక్కువొచ్చిందని ఇతని వాదన. అన్న కూతురి పెళ్ళికి పిలుపు వచ్చినా వెళ్ళలేదు. ఏళ్ళుగా వీధిలో ఎదురైనా తల తిప్పుకుంటున్నాడు. ఖాతాలో ఎక్కడా తప్పు లేదు, మనసులో మాత్రం అన్న చావును కోరుకున్న రోజులున్నాయని ఆ అరుగు మీదే చెప్పాడు. పాపం అంటే చేసిన పనుల జాబితా కంటే లోతైనదనీ, దేవుడితోనూ ఆయన చేసిన మనుషులతోనూ ఉండవలసిన సంబంధం నుంచి తొలగిపోవడమనీ, నీతిమంతుడు కూడా ఇంటి బయటే నిలబడిపోవచ్చుననీ నేను అప్పుడు వివరించాను గాని, నిజానికి సగం పని ఆ ఇల్లాలి మాటతోనే అయిపోయింది. అందరూ పాపం చేసి దేవుని మహిమను పొందలేకపోతున్నారనే రోమా పత్రిక మూడవ అధ్యాయపు మాట అప్పుడు చదివితే అతనికి అది నింద లాగా వినిపించలేదు.

"ఒకరి తప్పుకు ఇంకొకరు ఎందుకు?"

సిలువ దగ్గరకు వచ్చేసరికి మన ప్రాంతంలో ఎవరైనా అడిగే ప్రశ్నే అతనూ అడిగాడు. ఎవరు చేసింది వారు అనుభవించాలి గదా, ఒకరి తప్పుకు సంబంధం లేని మరొకరిని శిక్షించడం న్యాయమెలా అవుతుంది? ఈ ప్రశ్నను మొండితనంగా చూసే బోధకులున్నారు. నా దృష్టిలో అది న్యాయబుద్ధి ఉన్న మనిషి వేసే ప్రశ్న, దానికి జవాబు చెప్పకుండా దాటవేస్తే తరువాత చెప్పేదేదీ నిలవదు.

జవాబు రెండు భాగాలుగా ఇచ్చాను. మొదటిది, సిలువ మీద ఉన్నది సంబంధం లేని మూడో మనిషి కాడు. క్రీస్తునందు దేవుడే లోకాన్ని తనతో సమాధానపరచుకుంటున్నాడని పౌలు కొరింథీయులకు రాశాడు. కోపంగా ఉన్న దేవుణ్ణి దయగల యేసు శాంతింపజేశాడన్నట్టు చెప్పే బోధ మన కూటాల్లో వినబడుతూ ఉంటుంది. అది తండ్రినీ కుమారుణ్ణీ విడదీస్తుంది, అలా చెప్పకూడదు. తప్పు జరిగింది ఎవరి పట్ల? దేవుని పట్ల. నష్టం భరించింది ఎవరు? ఆ దేవుడే.

రెండో భాగానికి అతని వృత్తినే వాడుకున్నాను. కొట్టులో రైతులకు పంట మీద అడ్వాన్సులు ఇస్తారు. తెగులు వచ్చి పంట పోయిన ఒక రైతు బాకీని షావుకారు కొట్టేస్తే ఆ డబ్బు ఎక్కడికి పోతుందని అడిగాను. అతను నవ్వి, "ఎక్కడికీ పోదండీ. రైతు ఖాతాలో పోతుంది, షావుకారు నష్టంలో చేరుతుంది. ఎవరో ఒకరు పడాల్సిందే" అన్నాడు. మరి ఆ రైతు మళ్ళీ ఏదో రూపంలో ఆ డబ్బు కట్టాలని చూస్తే? "అప్పుడు కొట్టేసినట్టు కాదు కదా, వాయిదా ఇచ్చినట్టు" అన్నాడు. ఆ మాట అన్నాక అతను తన జేబు వైపు చూసుకున్నాడో లేదో నేను గమనించలేదు గాని, కొలొస్సయుల పత్రికలో మనకు విరోధంగా ఉన్న ఋణపత్రాన్ని మేకులతో సిలువకు కొట్టాడన్న వచనాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బాకీ అన్న పోలిక అతనికి సరిగ్గా అందింది కాబట్టే దాని దగ్గరే ఆగిపోవాలనిపిస్తుంది. లేఖనాలు పాపాన్ని బానిసత్వమనీ, మరణమనీ, శత్రుత్వమనీ కూడా అంటాయి. బాకీ కొట్టేస్తే ఖాతా సున్నా అవుతుంది, మనిషి మాత్రం అలాగే ఉంటాడు. అందుకే పునరుత్థానం గురించి విడిగా, ఎక్కువ సమయం తీసుకుని చెప్పాను. మొదటి కొరింథీయులు 15వ అధ్యాయంలో పౌలు తాను అందుకుని అప్పగించిన సువార్త అంటూ చెప్పినదాంట్లో క్రీస్తు మన పాపాల నిమిత్తం మరణించడం, సమాధి చేయబడడం, మూడవ దినాన లేవడం, చూసినవారికి కనబడడం అన్నీ ఉన్నాయి. వారిలో ఐదువందల మందికి మించినవారు ఒక్కసారే చూశారని కూడా రాశాడు. గుడ్ ఫ్రైడే నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద గంటల తరబడి ప్రసంగించే మనం, ఈస్టరు ఉదయాన ఒక అరగంటతో ముగించి టిఫిన్లకు కూర్చుంటాము. దాని ఫలితం కొత్తవారి ప్రశ్నల్లో కనిపిస్తుంది. ఇతను కూడా, "మరి ఆయన ఇప్పుడు ఎక్కడున్నట్టు?" అని అడిగాడు. సజీవుడైన ప్రభువు మీద నమ్మకం ఉంచడమంటే జరిగిపోయిన ఒక మేలును ఒప్పుకోవడం మాత్రమే అయిపోదని, ఇప్పుడు ఏలుతున్న ఆయనకు తనను తాను అప్పగించుకోవడమని అక్కడి నుంచే వివరించగలిగాను.

పక్క మంచం

ఈ కేసులో అన్నిటికంటే కష్టమైన సంభాషణ సిద్ధాంతం గురించి రాలేదు. కూతురు ఉన్న వార్డులోనే పక్క మంచం మీద మరో పిల్లవాడు ఉండేవాడు. వారిది విశ్వాసుల కుటుంబం. వారి కోసమూ ప్రార్థనలు జరిగాయి. ఆ పిల్లవాడు బతకలేదు. వేసవిలో ఒక సాయంత్రం అతను ఆ సంగతి ఎత్తి, "వాళ్ళ ప్రార్థన ఎందుకు పని చేయలేదు? వాళ్ళకు నాకంటే పెద్ద బాకీ ఉందా?" అని అడిగాడు.

విశ్వాసం చాలలేదని గాని, రహస్య పాపమేదో ఉండి ఉంటుందని గాని చెప్పే నోరు నాకు లేదు, అలా చెప్పేవారిని నేను సమర్థించను. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, వీడు పాపం చేశాడా వీడి తల్లిదండ్రులు చేశారా అని శిష్యులు అడిగినప్పుడు యేసు రెండూ కాదన్న సంగతి యోహాను తొమ్మిదిలో ఉంది, అది చదివాము. పదిమంది కుష్ఠురోగుల సంగతి కూడా చదివాము. పదిమందీ బాగయ్యారు. తిరిగి వచ్చి యేసు పాదాల దగ్గర పడినవాడు ఒక్కడే, వాడూ యూదులు పరాయిగా చూసే సమరయుడు. ఆరోగ్యం పొందడం, దేవుని దగ్గరకు రావడం ఒకటి కావు. మొదటిది లేకుండా రెండోది ఉంటుంది, రెండోది లేకుండా మొదటిదీ ఉంటుంది. నీ కూతురు బతికినందుకు దేవునికి కృతజ్ఞత చెప్పు, రాత్రంతా మేలుకుని చూసిన డాక్టర్లకూ నర్సులకూ చెప్పు, కాని ఆ పిల్ల రేపు మళ్ళీ మంచం పట్టినా మారిపోని మేలు ఒకటి ఉంది, నేను నీకు చెప్పాలనుకుంటున్నది దాని గురించే అన్నాను. పిల్లవాడు ఎందుకు చనిపోయాడన్న ప్రశ్నకు నేను జవాబు ఇవ్వలేదు. ఆ తల్లిదండ్రులను చూడడానికి ఇద్దరం కలిసి వెళ్ళాము.

స్వస్థత కూటాల పోస్టర్ల మీద రక్షణ అన్న మాటకు ఇంకా చోటు ఉందా అని నాకు అప్పుడప్పుడు సందేహం కలుగుతుంది. అది వేరే వ్యాసం.

నమ్మితే చాలా?

కృప అందిన మనిషి తప్పకుండా అడిగే ప్రశ్న ఇది, అడగలేదంటే ఇంకా అందలేదనే నేను అనుకుంటాను. పౌలు రోమా ఆరవ అధ్యాయం మొదట్లోనే దీన్ని ఎత్తుకున్నాడు. "ఊరికే వస్తుందంటే జనం ఎలా పడితే అలా బతకరా?" అని గుమాస్తా అడిగినప్పుడు, జక్కయ్య సంగతిలో ఏది ముందు జరిగింది, ఏది తరువాత జరిగిందో చెప్పమన్నాను. అతను వేలితో వచనాలు లెక్కపెట్టుకుంటూ చూశాడు. యేసు పేరు పెట్టి పిలవడం ముందు, ఇంటికి రావడం తరువాత, ఆస్తిలో సగం బీదలకు ఇస్తాననీ, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు చెల్లిస్తాననీ జక్కయ్య అనడం ఆ తరువాత. యేసు ఇంటికి వచ్చాక చెల్లింపు వచ్చింది గాని చెల్లింపు వల్ల యేసు ఇంటికి రాలేదు. ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండవ అధ్యాయంలో కూడా కృప చేతనే, విశ్వాసం ద్వారా రక్షింపబడ్డారన్న మాట ముందు వచ్చి, సత్క్రియల కోసం సృష్టింపబడ్డామన్న మాట వెంటనే వస్తుంది. మన బోధల్లో ఒక వర్గం మొదటి వచనం దగ్గర ఆగిపోతుంది, మరో వర్గం క్రియలనే ముందుకు తెచ్చి కృపను జీతంగా మారుస్తుంది. సిగరెట్టు మానితే, బొట్టు తీస్తే, దశమభాగం ఇస్తే రక్షణ నిలుస్తుందన్నట్టు కొత్తవారికి వినిపించిందంటే, వారు వదిలి వచ్చిన లెక్కల పుస్తకాన్నే మళ్ళీ చేతికిచ్చినట్టు.

ఆ వేసవిలోనే ఒక ఆదివారం మధ్యాహ్నం అతను అన్న ఇంటికి వెళ్ళాడు. నేను పొమ్మనలేదు. వాటా సంగతి ఎత్తకుండా, పెళ్ళికి రానందుకు క్షమించమని అడిగి వచ్చాడు. అన్న మాట్లాడలేదు, వదిన మజ్జిగ ఇచ్చింది. అతను మరుసటి రోజు వచ్చి, తడబడుతూ, "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్న సుంకరి ప్రార్థననే తన ప్రార్థనగా చేశాడు. దాని తరువాత ఇంకేమి చెప్పాలో తెలియదన్నాడు. ఇంకేమీ చెప్పనవసరం లేదన్నాను. నన్ను "అయ్యగారూ" అని మొదటిసారి పిలిచింది ఆ రోజే అనుకుంటాను.

బాప్తిస్మం విషయం

అతను వెంటనే బాప్తిస్మం అడిగాడు. నేను కొంత ఆగుదామన్నాను. పౌలు మాట విని నమ్మిన ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఆ రాత్రే బాప్తిస్మం పొందాడు కదా అని తోటి సేవకులు అడుగుతారు. ఆ వాదనలో బలముంది, ఆలస్యమే ఒక కొత్త మెట్టుగా మారే ప్రమాదమూ ఉంది. అయినా కూతురి జబ్బుతో మొదలైన కేసు కాబట్టి, కారణం విశ్వాసమేనని అతనికీ, అతని బంధువులకూ స్పష్టంగా ఉండాలని అనుకున్నాను. దీనికి మన ప్రాంతపు చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. 1876-78 కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పనీ కూలీ దొరికేలా చేశాడు. ఆ కాలంలో బాప్తిస్మం కోరి వచ్చినవారిని, కూడు కోసం వస్తున్నారో విశ్వాసంతో వస్తున్నారో తేలదని నెలల తరబడి ఆపాడు. సహాయ పనులు ముగిసి, ఇక ఇచ్చేందుకు డబ్బేమీ లేదని చెప్పిన తరువాత కూడా జనం వెళ్ళిపోలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను సభల్లో గొప్పగా చెప్పుకుంటాము, దాని ముందున్న నిరీక్షణ నెలలను చెప్పము.

మరో రెండు విషయాలు బాప్తిస్మానికి ముందే చెప్పడం నాకు నియమం. ఒకటి, ఎవరి ఒత్తిడీ, ఏ ఆశా లేకుండా, ఇష్టపూర్వకంగా అడగాలి. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించి, ప్రచారం చేసుకునే స్వేచ్ఛ ఇచ్చింది. ఆ ప్రచార హక్కులో మరొకరిని మతం మార్చే హక్కు ఇమిడి లేదని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో చెప్పింది. చట్టం అలా ఉన్నా లేకపోయినా, బలవంతంతో విశ్వాసం పుట్టదు. రెండవది, షెడ్యూల్డ్ కులాల కుటుంబాలు వచ్చినప్పుడు కాగితాల సంగతి దాచకూడదు. ఎవరిని షెడ్యూల్డ్ కులాలవారిగా గుర్తించాలో చెప్పే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ వర్తించేలా సవరించబడినా, క్రైస్తవులకు వర్తించదు. మన రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి వచ్చిన షెడ్యూల్డ్ కులాలవారిని బీసీ-సీ గ్రూపులో చేర్చారు. పిల్లల చదువు మీద, ఉద్యోగం మీద దీని ప్రభావం ఉంటుంది. "అదంతా ప్రభువు చూసుకుంటాడు" అని దాటవేసే సేవకుడు, ఖర్చు లెక్క చూసుకోకుండా గోపురం కట్టవద్దని యేసు చెప్పిన మాటను దాటవేస్తున్నాడు. ఈ గుమాస్తాది ఆ వర్గం కాదు కాబట్టి అతనికి ఆ చిక్కు రాలేదు. అతనికి వచ్చిన చిక్కు తల్లి. ఆమె రోజూ దీపం పెట్టుకుంటుంది. ఆమె దీపాన్ని ఆర్పమని గాని, ఆమెతో వాదించమని గాని నేను చెప్పలేదు. ప్రసాదం విషయంలో అతని మనస్సాక్షి ఏమంటుందో మొదటి కొరింథీయులు ఎనిమిది, పది అధ్యాయాలు చదివి ఆలోచించుకోమన్నాను.

బాప్తిస్మానికి ముందు నేను అందరినీ అడిగే ప్రశ్న అతన్నీ అడిగాను: బాప్తిస్మం తీసుకున్న మరుసటి వారమే మీరు ఘోరంగా పడిపోయారనుకోండి, అప్పుడు దేవుని ముందు మీ స్థితి ఏమిటి? సిలువ గురించి బాగా చెప్పగలిగినవారు కూడా ఇక్కడ పాత లెక్కకు జారిపోతారు. అతను చాలాసేపు ఆలోచించి, "సిగ్గుపడి ఆయన దగ్గరకే పోవాలి అయ్యగారూ. వేరే కొట్టు లేదు" అన్నాడు. మర్నాడు సంఘ పెద్దలతో అతని బాప్తిస్మానికి తేదీ నిర్ణయించాము.

కవరు సంగతి. బాప్తిస్మమైన నెలకు అతను దాన్ని మళ్ళీ తెచ్చాడు. ఇది మొక్కేనా అని అడిగాను. కాదన్నాడు. పక్క మంచం పిల్లవాడి తండ్రికి ఆసుపత్రి అప్పు ఇంకా ఉందట. తన పేరు చెప్పకుండా దానికి చేర్చమన్నాడు. పెద్దలలో ఇద్దరు వెళ్ళి ఆ డబ్బు అందజేశారు. అన్నతో మాట ఇంకా కలవలేదు. యార్డు తెరిచి సరుకు రాక పెరిగాక అతను శుక్రవారాలు రాలేకపోతున్నాడు, ఆదివారాలు వస్తున్నాడు. అతని భార్య ఇంకా బాప్తిస్మం అడగలేదు. ఆమె ప్రశ్నలు వేరు, ఆమెతో మార్కు సువార్త నుంచి మొదలుపెట్టాము.